కఫ, కవ, కహ్వ

మూడు రోజులపాటు ఒక పెద్దమనిషి చేత కాఫీ పేరుతో మిరియాల కషాయం తాగించాను. ఇందులో నా తప్పు సగమే. మిగతా సగం ఆయన దేశానిది. ఆ దేశం ఇప్పుడు లేదు కాబట్టి తప్పంతా నా నెత్తిన పడింది.

మేముండేది కూర్మన్నపాలెం. మా నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చారు, నేను ఇక్కడి క్వార్టర్సులోనే పుట్టాను. ఎం.ఏ. ఇంగ్లీషు చదివి, పన్నెండేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లల తప్పులు దిద్దాను. ఒకరోజు అందరి ముందూ హెడ్మాస్టరు ఇంగ్లీషు కూడా దిద్దాను. ఆ మర్నాటి నుంచి ఇంట్లో కూర్చున్నాను. కూర్చోవడం నా ఒంటికి పడదు, జంక్షన్ దగ్గర చిన్న మెస్ పెట్టుకున్నాను. మా ఆయన పోర్టులో క్రేను ఆపరేటరు. ఓడ కడుపులోంచి బొగ్గు ఎత్తి బెల్టు మీద పోసే క్రేను. ఆయనది సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే కుటుంబం. మా అత్తగారు ఈ వయసులో కూడా పొద్దున్నే గంప ముందు పెట్టుకుని కూర్చుంటుంది, బేరమాడే వాళ్ళతో ఆవిడ మాట్లాడే తీరు వింటే నా నోరు ఎంత మంచిదో అందరికీ అర్థమవుతుంది.

ఆ ఏడు మా ఆయన క్రేనుకి గేర్‌బాక్సు మార్చాల్సి వచ్చింది. క్రేను తయారుచేసిన కంపెనీ వాళ్ళు ముగ్గురు మనుషుల్ని పంపారు, రెండు నెలల పనికి. వాళ్ళకి మా మెస్ పైన మూడో అంతస్తులో ఫ్లాటు ఇచ్చారు. "నీకు ఇంగిలీసు వచ్చు కదేటి, ఆల్లకి నువ్వే వండు" అన్నాడు మా ఆయన. వాళ్ళకి ఇంగ్లీషు అంతంతమాత్రమే అని మాత్రం చెప్పలేదు.

ముగ్గురిలో పెద్దాయనకి అరవై దాటాయి. భారీ మనిషి, తెల్ల మీసాలు, ఇనుముతో తప్ప ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. రెండో ఆయన సన్నగా పొడుగ్గా ఉంటాడు, కరెంటు పని ఆయనది, ఇంగ్లీషు బాగా వచ్చు. మూడో ఆయన వెల్డింగు చూసుకుంటాడు. గుండ్రటి మనిషి, నిద్రలో కూడా నవ్వే రకం. పేర్లు నాకు నోరు తిరక్క పెద్దాయన, సన్నాయన, నవ్వులాయన అని పెట్టేసుకున్నాను. వాళ్ళకి తెలిసి కూడా ఏమీ అనుకోలేదు.

మొదటి రోజు పొద్దున్న పెద్దాయన కిందకి వచ్చి, బల్ల దగ్గర కూర్చుని, గొంతు సవరించుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "కఫ" అన్నాడు.

అయ్యో పాపం అనుకున్నాను. విమానంలో చల్లగాలి తగిలింది, నీళ్ళు మారాయి, కఫం పట్టింది. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి మన మాట ఎలా తెలిసిందా అని ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. మిరియాలు దంచి, శొంఠి వేసి, తులసాకులు పడేసి, బెల్లంతో గ్లాసెడు కషాయం మరిగించి ఇచ్చాను. ఒక గుక్క తాగి కళ్ళు పెద్దవి చేశాడు. తర్వాత మొత్తం తాగేసి, దండం పెట్టి వెళ్ళాడు.

మర్నాడు మళ్ళీ "కఫ" అన్నాడు. ఇంకా తగ్గలేదన్నమాట! మిరియాలు రెండింతలు చేశాను. మూడో రోజు మూడింతలు. ఆ రోజు నవ్వులాయన పక్కనే కూర్చుని, గ్లాసు వాసన చూసి, ఏదో అడిగాడు. పెద్దాయన కన్నీళ్ళు తుడుచుకుంటూ ఏదో జవాబు చెప్పాడు. నవ్వులాయన కుర్చీలోంచి కింద పడ్డాడు. నిజంగానే పడ్డాడు. సన్నాయన నాకు ఇంగ్లీషులో చెప్పాడు: "అది ఇండియన్ కాఫీ అంటున్నాడు. చాలా ఘాటుగా ఉంది, కానీ అలవాటవుతోందట."

వాళ్ళ భాషలో కఫ అంటే కాఫీ. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. పెద్దాయన మాత్రం మొదటిసారి నవ్వాడు. "దగ్గు లేదు. ముందు కూడా లేదు. ఇక ఎప్పటికీ రాదు" అన్నాడు.

కథ అక్కడితో ఆగలేదు. ఆ సాయంత్రం పైన గదులు ఊడుస్తుంటే ఫ్రిజ్జు మీద వాళ్ళు రాసి అంటించుకున్న కాగితం కనిపించింది. మూడు చేతిరాతలు. తెప్పించుకోవాల్సిన సరుకులని అర్థమైంది. కషాయం తప్పు దిద్దుకుందామని ఫోను కెమెరా పెట్టి అనువాదం చూశాను. మొదటి మాట, కఫ, ఎరగని అక్షరాల్లో రాసి ఉంది. కాఫీ అని చూపించింది ఫోను. రెండోది కవ. కాఫీ. మూడోది కహ్వ. కాఫీ. ఫోను చెడిపోయిందని దాన్ని రెండు దెబ్బలు కొట్టాను. మళ్ళీ అదే చెప్పింది.

సరే, మూడు రకాల కాఫీ కాబోలు అనుకుని గాజువాక వెళ్ళాను. "మూడూ కాపీయే కదేటక్కా?" అన్నాడు కొట్టువాడు. "నీకెందుకు, మూడు వేరే వేరే పొట్లాలు కట్టు" అన్నాను. చికోరీ ఉన్నది ఒకటి, లేనిది ఒకటి, వేడినీళ్ళలో కలుపుకునేది ఒకటి. తెచ్చి బల్ల మీద వరసగా పెట్టి, "ఇది మీ కఫ, ఇది మీ కవ, ఇది మీ కహ్వ" అని పంచాను.

ముగ్గురూ పొట్లాల వైపు చూశారు, ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. ఏం తప్పు చేశానురా భగవంతుడా అని నేను కొంగు నలుపుకుంటున్నాను. అప్పుడు నవ్వులాయన మొదలుపెట్టాడు, ఆయన వెనక సన్నాయన. పెద్దాయన నవ్వలేదు. తన పొట్లం తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

సన్నాయన వివరం చెప్పాడు. ఒకప్పుడు వాళ్ళ ముగ్గురిదీ ఒకే దేశం. పెద్దాయన సెర్బు, తను క్రొయేటు, నవ్వులాయన బోస్నియాక్. ఒకరిది ఒక చర్చి, ఇంకొకరిది వేరే చర్చి, మూడో వాళ్ళది మసీదు, మాట మాత్రం ఒకటే. ముప్పై ఏళ్ళ కిందట ఆ దేశం ముక్కలైంది. యుద్ధాలు జరిగాయి. పక్కింటి వాళ్ళు పక్కింటి వాళ్ళని ఊళ్ళోంచి తరిమారు, చంపారు. అంతా అయ్యాక భాషకి కూడా మూడు పేర్లు వచ్చాయి. కాఫీని సెర్బులు కఫ అంటారు, క్రొయేట్లు కవ, బోస్నియాకులు కహ్వ, రొట్టెకి కూడా అంతే. ఏ మాట వాడితే నువ్వు ఎవరివో తెలిసిపోతుంది.

"నాకు మూడు భాషలు వచ్చు. కష్టపడి చదవకుండానే వచ్చేశాయి" అన్నాడు నవ్వులాయన. తన దేశంలో సిగరెట్ పెట్టె మీద పొగతాగితే చస్తావని మూడు భాషల్లో మూడుసార్లు రాస్తారట. అందులో రెండు అచ్చం ఒకేలా ఉంటాయట, మూడోది అదే మాట వేరే లిపిలో. "మా వాళ్ళని ఒకసారి చెప్తే నమ్మరు" అన్నాడు.

తర్వాత గమనించాను. రోజూ పని నుంచి వచ్చాక నవ్వులాయన పొడుగు కాడ ఉన్న చిన్న రాగి గిన్నెలో ముగ్గురికీ కాఫీ కాస్తాడు. కాస్తూ పేరు మాత్రం ఎత్తడు. "తలా ఒకటి వేసుకుందామా?" అంటాడు. సన్నాయన కూడా అంతే. భాష సంగతి వస్తే 'మన భాష' అని ఊరుకుంటారు. పెద్దాయన ఒక్కడే ప్రతిసారీ, ఎవరో వాదిస్తున్నట్టు, "కఫ" అని గట్టిగా అంటాడు.

నెల తిరిగేసరికి ముగ్గురికీ తెలుగు అంటుకుంది. రెండు చోట్ల నుంచి అంటుకుంది, అదే గొడవ. పొద్దున్న టిఫిన్ దగ్గర నేను నేర్పేది పుస్తకంలో అచ్చయ్యే తెలుగు. క్రేను మీద మా ఆయనా, ఆయన జట్టూ నేర్పేది అక్కడి తెలుగు. పొద్దున్న "నేను వస్తున్నాను" అని అప్పజెప్పిన మనిషి సాయంత్రం మెట్లెక్కుతూ "నాను ఒత్తన్నాను" అని కేకేస్తాడు. పెద్దాయనకి అన్నిటికన్నా నచ్చిన మాట "ఏటి బావ". క్రేను కింద ఎవరు కనిపించినా అదే పలకరింపు. సూపర్‌వైజరు కనిపించినా అదే.

"ఏటి కాదు, ఏమిటి. నాను కాదు, నేను" అంటాను.

"నాను అంటే తప్పేటి?" అంటాడు మా ఆయన, అన్నం కలుపుతూ. "ఈ ఊల్లో గాలి కూడా నాననే అంటాది."

"గాలిని నా క్లాసులో కూర్చోబెట్టలేదు" అంటాను.

ఒకరోజు పెద్దాయన మా ఆయన భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకొస్తూ, "బావ, బావ" అంటున్నాడు. నాకు తిక్క రేగింది. "ఊరికే అందర్నీ బావ అనకూడదు. ఆ మాటకి అర్థముంది. మా ఆయన మీకు బావ అయితే నేను మీకు ఏమవుతానో తెలుసా? చెల్లెలినవుతాను. చెల్లెలి మొగుడు బావ" అన్నాను.

చెల్లెలంటే ఏమిటో సన్నాయన తమ మాటల్లో చెప్పాడు. పెద్దాయన మా ఆయన భుజం మీంచి చెయ్యి తీశాడు. కాసేపటికి ఫోను తీసి నా ముందు పెట్టాడు. ఒక కుర్రాడు పంపిన మెసేజి. సన్నాయన చదివి వినిపించాడు: "మామయ్యా, వచ్చే ఆదివారం అమ్మకి అరవై నిండుతాయి. ఒక్కసారి ఫోన్ చెయ్యి. తను అడగదు. నేను అడుగుతున్నాను."

"చేస్తానని చెప్పారా?" అన్నాను.

"ఏమీ చెప్పలేదు. రెండు రోజులైంది" అన్నాడు పెద్దాయన, సన్నాయన ద్వారానే. "మేం మాట్లాడుకుని ఇరవై ఆరేళ్ళు."

యుద్ధానికి ముందే ఆయన చెల్లెలు ఒక క్రొయేటు అబ్బాయిని పెళ్ళి చేసుకుని సముద్రం ఒడ్డున ఉన్న వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. అప్పుడెవరూ ఏమీ అనలేదు, పెళ్ళిలో ఈయనే అందరికన్నా ఎక్కువ గంతులేశాడట. తర్వాత యుద్ధమొచ్చింది. ఈయన ఒక వైపు, ఆ బావ ఇంకో వైపు. ఫోను తీగలు కూడా తెగిపోయాయి. అన్నీ సద్దుమణిగి తీగలు కలిశాక, ఈయన ధైర్యం చేసి చెల్లెలికి ఫోన్ చేశాడు. ఆ పిల్ల ఏడ్చింది, ఈయనా ఏడ్చాడు. అంతలో ఆవిడ, "ఒక్క నిమిషం ఉండు అన్నయ్యా, పొయ్యి మీద కవ పొంగుతోంది" అంది.

"కవ అంది. మా అమ్మ ముద్దలు పెట్టిన నోటితో కవ అంది" అన్నాడు పెద్దాయన. "నువ్వు వాళ్ళదానివైపోయావు అని చెప్పి ఫోను పెట్టేశాను. తర్వాత తను చేసింది. ఎత్తలేదు."

యుద్ధం కాదు, ఇల్లు కాదు, పొలం కాదు, ఒక్క అక్షరం. నాకు ఒళ్ళు మండింది. అంత పెద్ద మనిషిని పట్టుకుని కడిగేద్దామని నోరు తెరిచాను. అంతలో నా సంగతి గుర్తొచ్చింది. అచ్చం అలాంటి మాటే నేను ఇంకొకరి నోట విన్నాను.

మా పెళ్ళి మా అమ్మకి ఇష్టం లేదు. గోదావరి పిల్ల చేపలవాళ్ళింటికి వెళ్ళడమేమిటని ఆవిడ బాధ. పెళ్ళయి అత్తారింట్లో దిగాక, నేను 'నేను' అన్నప్పుడల్లా వీధిలో పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. "నేనంట, నేను! సినిమా మాటలు ఆడతంది" అనేవాళ్ళు. మూడు నెలల్లో నా నాలుక దానంతటదే తిరిగిపోయింది. ఒకరోజు అమ్మకి ఫోన్ చేసి, "నాను బాగున్నానమ్మా, నువ్వేటి సేత్తన్నావ్?" అన్నాను. అమ్మ, "అక్కడ మా అమ్మాయి ఉంటే ఒకసారి పిలవండి" అని ఫోను పెట్టేసింది.

మళ్ళీ మాట్లాడింది నా కానుపుకే. మేం కలిసిపోయాం, ఇప్పుడు రోజూ ఫోన్ చేసి నా బుర్ర తింటుంది. కానీ ఆ రోజు నుంచి నేను ఈ నోటితో నాను అనలేదు. ఎవరైనా అంటే దిద్దకుండా ఊరుకోలేదు కూడా.

ఇదంతా సన్నాయన చేత పెద్దాయనకి చెప్పించాను. "చూశారా, మా అమ్మ వచ్చింది. మీరూ చెయ్యాలి" అని ముక్తాయించాను. ఆయన సాంతం విని ఒక్క ప్రశ్న అడిగాడు. "అయితే నువ్వు నేను అన్నప్పుడల్లా మీ అత్తగారికి ఏం వినిపిస్తుంది?"

అడగడానికి ఇంకేం దొరకలేదా ఈయనకి! "నాకు బోలెడు పనుంది" అని లేచిపోయాను. ఆ పూట చపాతీలన్నీ మాడ్చి పెట్టాను. ముగ్గురూ కిక్కురుమనకుండా తిన్నారు.

మర్నాడు సన్నాయన, పెద్దాయన ఎదుట కూర్చుని, వాళ్ళ భాషలో ఒక్కో ముక్కా చెప్పి, నాకూ అర్థం కావాలని వెంటనే ఇంగ్లీషులో కూడా చెప్పాడు. "యుద్ధమప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. మీ చెల్లెలి ఊరు లాంటి ఊరే మాది. మా వీధిలో ఒకావిడ ఉండేది, మీ వాళ్ళ పిల్లే. రొట్టెల కొట్టు దగ్గర వరసలో నిలబడి తనలో తను వల్లించుకునేది. కవ, కవ, కవ అని. పొరపాటున కఫ అంటే వరసంతా వెనక్కి తిరిగి చూస్తుంది. మా అమ్మ ఆవిడ పక్కన నిలబడి ఇద్దరికీ కావలసినవి తనే గట్టిగా అడిగేసేది, ఆవిడ నోరు తెరవక్కర్లేకుండా. మీ చెల్లి ఫోన్లో మీకు గొప్ప చూపించలేదు. భయపడి భయపడి ఆ మాట నోట్లో నిలిచిపోయింది."

"ఆ మాట నా నోట రాదు" అన్నాడు పెద్దాయన. రాదంటే ఇష్టం లేక కాదు, నిజంగానే భయపడుతున్నాడు. వెల్డింగు నిప్పురవ్వల కింద కదలకుండా నిలబడే మనిషి.

అప్పుడు నాలో టీచరు లేచింది. "ఇలా చూడండి" అన్నాను. "మా తెలుగులో కఫం అంటే గొంతుకి అడ్డం పడేది. ఊపిరాడనివ్వదు, మాట రానివ్వదు. మూడు రోజులు కషాయం తాగారు కదా, మీకు తెలీదా? కవ అంటే జంట. ఒకే కడుపున ఒకసారి పుట్టిన ఇద్దర్ని కవలలు అంటాం, అందులోంచే. ఇరవై ఆరేళ్ళుగా మీ గొంతులో ఏది పట్టుకు కూర్చుందో మీరే చెప్పండి."

సన్నాయన దాన్ని వాళ్ళ భాషలోకి మార్చి చెప్పాడు. నవ్వులాయన బల్ల మీద చరిచాడు. పెద్దాయన మీసాల కింద పెదవులు కదిలాయి. ఉఫ్ అని ఊదినట్టు ఏదో వచ్చింది.

"వినపడలేదు" అన్నాను.

"కవ" అన్నాడు.

ఆ వారమంతా ఇంపోజిషనే. ఇడ్లీ కావాలంటే కవ అనాలి. చట్నీ కావాలంటే ఇంకోసారి కవ అనాలి. మధ్యలో నోరు జారి కఫ అన్నాడా, మిరియాల డబ్బా తీసి ఊపేదాన్ని. క్రేను మీద కూడా వల్లిస్తున్నాడని మా ఆయన చెప్పాడు. "పైకెక్కి కవ కవ అంతన్నాడే! కింద మా కుర్రోల్లు కాకి ఒచ్చిందని తల ఎత్తి సూత్తన్నారు" అన్నాడు. నవ్వలేక నాకు పక్కలు నొప్పి పుట్టాయి.

ఆదివారం ముగ్గుర్నీ మా అత్తారింటికి తీసుకెళ్ళాం. అరవై నిండటమంటే మనకి షష్టిపూర్తి, ఫ్లాటులో కూర్చుని చేసేది కాదని నేనే పట్టుబట్టాను. ఒడ్డు పక్క ఇల్లు, ముందు వల ఆరేసి ఉంది. మా అత్తగారు తెల్లారకముందే కోనెం చేప పక్కన తీసి పెట్టి పులుసు చేసింది. వాళ్ళ ఒళ్ళు చూసి మురిసిపోయింది. "ఓలమ్మ, ఈల్లు ముగ్గురూ వల లాగితే పడవ కూడా ఒచ్చీద్ది" అంది. నవ్వులాయన చేప ముల్లు తియ్యడంలో మా మరిదినే ఓడించాడు.

మనకి పన్నెండున్నర అయితే అక్కడ పొద్దున్న ఎనిమిది. చెల్లెలు కాఫీ కాచుకునే వేళ అదేనని మేనల్లుడు చెప్పాడట. పెద్దాయన చెయ్యి కడుక్కుని, తల దువ్వుకుని, చొక్కా పై గుండీ పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. నవ్వులాయన ఫోను పట్టుకున్నాడు. మేమందరం వెనక గుంపుగా చేరాం. ఎవరినీ రమ్మనలేదు, ఎవరూ దూరంగానూ లేరు.

వీడియో కలిసింది. నెరిసిన జుట్టావిడ, వంటగదిలో, చేతిలో అదే రాగి గిన్నె. ముక్కు అచ్చం అన్నగారిదే. ఫోను వైపు చూసి గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఇటు ఈయనా అంతే. అనవయ్యా, వారం రోజులు ఇడ్లీలు తిన్నావు కదా, అను! అని లోపల అరుస్తున్నాను.

పెద్దాయన, "కవ?" అన్నాడు.

అదే క్షణంలో ఆవిడ గిన్నె కొంచెం పైకెత్తి, "కఫ?" అంది.

నాకు వాళ్ళ భాషలో వచ్చినవే మూడు మాటలు. అందులో రెండు ఎవరూ అనువదించకుండా నాకే అర్థమయ్యాయి. ఈయన వారం రోజులు ఆవిడ మాట నేర్చుకున్నాడు. ఆవిడ ఎన్నాళ్ళుగా ఈయన మాట దాచిపెట్టుకుందో! వెనక నుంచి నవ్వులాయన ఉండబట్టలేక, "కహ్వ!" అని అరిచాడు. అంతే, అటూ ఇటూ ఒకేసారి నవ్వులు, ఏడుపులు. ఏది ఏదో తెలీలేదు. మా అత్తగారికి సంగతేమీ తెలీదు, అయినా కొంగుతో కళ్ళొత్తుకుంది.

వాళ్ళు గబగబా మాట్లాడుకుంటున్నారు. ఇంతలో ఆవిడ వెనక తలుపు తెరుచుకుంది. ఒక ముసలాయన, చేతిలో రొట్టెల సంచి. ఫోనులో ఎవరున్నారో చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపలికి రావాలో వెళ్ళిపోవాలో తెలియనట్టు సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"భర్త" అన్నాడు సన్నాయన నా చెవిలో. అటు వైపు యుద్ధం చేసిన మనిషి. పెద్దాయన నవ్వు మీసాల్లోనే ఆగిపోయింది. చెల్లెలు ఒకసారి అతని వైపు, ఒకసారి ఇతని వైపు చూస్తోంది. అయిపోయింది అనుకున్నాను. వారమంతా ఒక్క చెల్లెలి కోసం ఒక్క మాటే నేర్పాను, ఈ మనిషికి ఏ మాటా నేర్పలేదు. వాళ్ళ భాషలో ఏ మాట తీసినా అది ఈయనదో ఆయనదో అయి కూర్చుంటుంది.

పెద్దాయన తలెత్తాడు. పక్కనే గ్లాసు పట్టుకుని నిలబడ్డ మా ఆయన వైపు ఒకసారి చూశాడు. మళ్ళీ ఫోను వైపు తిరిగి, గాలి పీల్చుకుని, క్రేను కింద నుంచి పైకి కేకేసినంత గట్టిగా అన్నాడు.

"ఏటి బావ!"

మా అరుగంతా గొల్లుమంది. మా ఆయన గ్లాసులో నీళ్ళు నా చీర మీద ఒలకబోశాడు. అటు నుంచి చెల్లెలు ఏమన్నాడు, ఏమన్నాడు అని అడుగుతోంది. నవ్వులాయన ఊపిరి అందక అందక చెబుతున్నాడు. చెల్లెలి మొగుడు, అది బంధువుని పిలిచే మాట, ఇక్కడి భాష అని. ఆ ముసలాయన అంతా విన్నాడు. సంచి కింద పెట్టాడు. మెల్లగా వచ్చి భార్య పక్కన నిలబడి, ఫోనుకి ముఖం దగ్గరగా పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అన్నాడు.

"ఏటి... బావ."

అందరూ చప్పట్లు కొడుతున్నారు. మా అత్తగారు మాత్రం నా వైపు తిరిగి చూస్తోంది. ఆ ఇంట్లో ఇరవయ్యేళ్ళుగా ఎవరు ఏటి అన్నా నా నోరు ఊరుకోదని ఆవిడకి తెలుసు.

"ఏటే, దిద్దవా?" అంది.

"నానేటి దిద్దుతానత్తా" అన్నాను. "ఆల్లు బాగానే అన్నారు కదేటి."

మా అత్తగారు నా తడిసిన చీర కొంగు తీసుకుని తన చేత్తో పిండింది. "నోపలికెల్లి కాపీ ఎట్టు, అందరికీ" అంది.